మోగే హెడ్లు, మార్చిన మాట

షార్జా,
10 జనవరి 1988

విమలకు,

నీ ఉత్తరం నిన్న అన్నం వేళకు అందింది. మా గదిలో ఆరుగురం. ఎవరికి ఉత్తరం వచ్చినా మిగతా అయిదుగురూ తినడం ఆపి చూస్తారు. అందుకే బయటికి వెళ్లి నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని చదువుకున్నాను. “మేమందరం బాగున్నాం, మీరు ఉండగలిగినంత కాలం ఉండండి, మా గురించి ఫికరు వద్దు” అని ఈసారీ రాశావు. పెళ్లయ్యాక నీ దగ్గర ఉన్నది అయిదు నెలలే. అయినా ఇంత ధైర్యంగా ఉన్నావు. నాకే అంత ధైర్యం లేదనిపిస్తుంది అప్పుడప్పుడు.

ఈసారి బాపును ఒక సంగతి అడగాలి. కోడలివి, నువ్వు బాపుతో నేరుగా మాట్లాడవని తెలుసు. మీ అత్తతో, అదే మా అవ్వతో, అడిగించు.

మా షెడ్డులో తయారయ్యేది పందెం పడవలు. ఒక్కో పడవకు రెండు పెద్ద ఇంజిన్లు. బాపుకు ఇట్లా చెప్పించు: మన బాయి మీద నీళ్లు తోడే డీజిల్ ఇంజిన్ పైన బోల్టులతో బిగించిన ఇనుప దిమ్మ ఉంటుంది కదా, దాన్నే హెడ్డు అంటారు. నిప్పు అంటుకునేది దాని కిందే. గాలి లోపలికి పోవాలన్నా, పొగ బయటికి రావాలన్నా, చల్లబరిచే నీళ్లు తిరగాలన్నా అన్నీ దాని కడుపులోంచే. అది పగిలితే ఇంజిన్ పోయినట్టే.

ఇప్పటిదాకా ఇనుప హెడ్లే పెట్టాం. ఒక్కోటి ముప్పై కిలోల పైన. ఇప్పుడు పడవ యజమాని అల్యూమినియం హెడ్లు తెప్పించాడు. బరువు సగం. వేడిని తొందరగా వదిలేస్తుంది కాబట్టి ఇంజిన్‌ను ఇంకా గట్టిగా తోలవచ్చు. సముద్రపు ఉప్పు మాత్రం దాన్ని తినేస్తుంది. అందుకని లోపల మంచినీళ్లు విడిగా తిరిగేలా పైపులు పెడుతున్నాం. ఉప్పునీళ్లు హెడ్డుకు తగలవు.

వచ్చినవి రెండు రకాలు. ఒకటి కార్ల పందేల కోసం చేసింది. పల్చగా, తేలిగ్గా, అద్దంలా ఉంటుంది. ఇంకోటి పడవల కోసమే చేసింది. గోడలు మందం, రంగు మసక, కొంచెం బరువు. మా ఫోర్‌మెన్ కురియన్ సెలవు మీద ఊరికి పోయాడు. డిసెంబరులో నేను పాత ఇనుప హెడ్డును పానాతో తట్టి, చప్పుడు విని, వెంట్రుక అంత పగులు పట్టుకున్నాను. అప్పటినుంచి మేనేజరు నన్ను “చెవి” అని పిలుస్తున్నాడు. మొన్న రెండు రకాలనూ బల్ల మీద పెట్టించి, “నువ్వే ఎంచు” అన్నాడు. నేనెంచినవి నిలిస్తే పందెం పడవ జట్టులో ఇంకో రెండేళ్లకు పని ఒప్పందం కాగితం ఇస్తారట. నిలవకపోతే ఏప్రిల్ ఆఖరుకు నా కాగితం అయిపోతుంది. ఇంటికే.

తట్టి చూశాను. తేలికది గుడి గంటలా మోగింది. మందంది “థప్” అని ఊరుకుంది. బాపు పసుపు కొమ్ము విరిచి, చెవి దగ్గర పెట్టుకుని “ఠంగుమనాలె రా” అంటాడు కదా. ఆ లెక్కన తేలికదే మంచిది. కాని అల్యూమినియం నాకు కొత్త. బాపు ముప్పై ఏళ్లు ఆర్మూరు అడ్తి దుకాణంలో పసుపు మాలు నాణ్యం చూసినవాడు. అందుకే అడుగుతున్నాను. చెవిని నమ్మవచ్చా అని.

అవ్వ మోకాలికి తైలం పంపాను. మన పెర్కిట్ నుంచి వచ్చిన నడిపయ్య ఊరికి తిరిగి వస్తున్నాడు, అతని చేతికిచ్చాను. నీకు ఒక చీర. రంగు నాకు తెలియక ముగ్గురిని అడిగాను, ముగ్గురూ మూడు చెప్పారు.

నీ
గంగాకిషన్


పెర్కిట్,
24 జనవరి 1988

మీకు నమస్కరించి విమల రాసేది,

నడిపయ్య మామ తైలం, చీర తెచ్చి ఇచ్చాడు. చీర ఆకుపచ్చది. మీరు అడిగిన ముగ్గురిలో ఆకుపచ్చ చెప్పినవారికి నా నమస్కారాలు చెప్పండి. అత్తమ్మ దాన్ని వాకిట్లో పరిచి, వచ్చినవాళ్లందరికీ చూపించి, “మావోడు పంపిండు, నాక్కాదు, గీ పిల్లకు” అని నవ్వుతోంది. నేను లోపలికి వెళ్లిపోయాను.

ఇప్పుడు ఊరు చుట్టూ పసుపు ఉడకబెడుతున్నారు. ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా అదే వాసన. నేను బీడీలు చుడుతుంటే ఆకు మీద కూడా అదే వాసన పట్టింది.

మీ ఉత్తరం ఎప్పటిలాగే పైకి చదివాను. అత్తమ్మ గడప మీద, మామయ్య వాకిట్లో మంచం మీద, నేను తలుపు వెనక. హెడ్డు సంగతి మామయ్యకు చేరడానికి చాలాసేపు పట్టింది. నేను అత్తమ్మతో చెప్పడం, అత్తమ్మ మామయ్యతో చెప్పడం.

“ఇంజిన్ నెత్తి మీద బెట్టే మూతనట, రెండు తీర్లయట. ఒకటి మోగుతదట, ఒకటి మోగదట” అంది అత్తమ్మ.

“ఎంత మందం అడుగు” అన్నాడు మామయ్య.

“ఎంత మందమే?” అని అత్తమ్మ నన్ను అడిగింది. మోగేది పల్చన అని నేను చెప్పాను.

“పల్చననట” అంది అత్తమ్మ.

“నాకు ఇనొచ్చింది తియ్యి, పిల్ల తలుపు ఎన్కనే ఉంది గద, ఢిల్లీల లేదు” అన్నాడు మామయ్య. అత్తమ్మకు కోపం వచ్చింది. “గయితే నువ్వే అడుగుకో” అని లేచిపోయింది. వాకిట్లో మేక అరిస్తే దానికింత గడ్డి వేసింది. తర్వాత అత్తమ్మే వచ్చి కూర్చుంది.

ఉప్పు అల్యూమినియాన్ని తింటుందని మీరు రాసింది నిజమే. మా అమ్మ ఇచ్చిన అల్యూమినియం గిన్నెలో నేను పులుసు మరునాటిదాకా ఉంచితే అడుగంతా చుక్కలు పడ్డాయి. అత్తమ్మ ఆ గిన్నె మేకకు కుడితి పెట్టడానికి తీసుకుంది.

మామయ్య మీ చెవిని నమ్ముకొమ్మన్నారు. మోగేదే పెట్టమన్నారు.

మేము బాగున్నాం. మా గురించి ఫికరు వద్దు.

మీ
విమల


షార్జా,
8 ఫిబ్రవరి 1988

విమలకు,

నీ ఉత్తరంలో మేక సంగతి చదివి ట్యాంకు వెనక ఒక్కడినే నవ్వాను. కురియన్ తిరిగి వచ్చాడు. వెనక నుంచి చూసి ఏమైందని అడిగాడు. మలయాళీకి మన మేకను ఎట్లా చెప్పాలి?

బాపు మాట అందింది. పట్టుకుని రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు నేను ఏదైనా ఇది మంచిది అంటే, “నీకెట్ల తెలుసు రా” అనేవాడే తప్ప, నీ చెవిని నమ్ముకో అని ఒక్కనాడూ అనలేదు. నేను పెద్దవాడినయ్యానని ఇప్పటికి ఒప్పుకున్నాడేమో. నాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను.

తేలిక హెడ్లే ఎంచాను. యజమాని మొదటినుంచీ వాటి మీదే ఉన్నాడు, ఎంత తేలికైతే పడవ అంత నీళ్ల మీద లేస్తుందని. కురియన్ మాత్రం మందంవి పెడదామన్నాడు. వాటిలో గాలి, పొగ తలుపులు ఆనే చోట గట్టి లోహపు వలయాలు వేరే దిగగొట్టి ఉంటాయి, ఇత్తడి గొట్టాలు ఉంటాయి, ఉప్పుగాలికి నిలుస్తాయి అన్నాడు. నేను మా నాయన మాట చెప్పాను. “మీ నాయన ఇంజిన్లు చేస్తాడా?” అన్నాడు. “పసుపు చూస్తాడు” అన్నాను. అతను నన్ను ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఈ వారం పైపుల పని. ఈ నెల ఆఖరుకు హెడ్లు బిగిస్తాం. మార్చి అయిదున సముద్రంలో మొదటి పరుగు. పడవలో నలుగురం ఉంటాం. నడిపేవాళ్లు ఇద్దరు, కురియన్, నేను. నా పని ఇంజిన్ల పక్కన కూర్చుని వేడి చూపించే ముల్లును చూస్తూ ఉండటం. మన ఆర్మూరు రోడ్డు మీద ఏ బస్సూ పోనంత వేగంగా పోతుందట. అవ్వకు ఈ మాట చదివి వినిపించకు.

ఇవి నిలిస్తే రెండేళ్ల కాగితం. నువ్వు ఉండమంటున్నావు కదా, ఉంటాను. 

నీ
గంగాకిషన్


పెర్కిట్,
20 ఫిబ్రవరి 1988

మీకు,

ఈ ఉత్తరం కంటే ముందు మీకు తంతి చేరి ఉంటుంది. తంతి చూసి ఎవరికి ఏమైందో అని భయపడి ఉంటారు. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ బాగున్నారు. ఏమైనా అయితే అది నా వల్లనే.

మామయ్య మీ చెవిని నమ్ముకొమ్మని అనలేదు. అది నేను రాసింది.

ఆ రోజు మామయ్య అన్న మాటలు ఇవి. నేను ఒక్కటీ మరిచిపోలేదు.

“చెవి మీదనే ఇడ్సిపెట్టద్దు అను. పల్సటి కొమ్ము, మస్తుగ ఎండిన కొమ్ము ఎప్పుడైన ఎక్వనే మోగుతది. ఒక్క చేన్ల మాలు, ఒక్క కడాయిల ఉడికినయి పక్కపక్కకు బెట్టి ఇంటె చెవి పనికొస్తది. తీరుతీరుయి బెట్టి ఇంటె మోసమైతది. మోగిందల్ల మంచిదైతే నా అసుంటోని పనేంది? అందుకే ఇరిసి లోపల సూస్త. గది ఇర్వరాదంటే ఇంకో తీరుగ లోపల సూడుమను.”

అత్తమ్మ, “సైకిల్ ట్యూబు లెక్క నీళ్లల్ల ముంచుమను, బుడగలొస్తె తెలుస్తది” అంది. మామయ్య, “గిది మంచిగ జెప్పినవ్, గదే రాయుమను” అన్నాడు.

రాయడానికి కూర్చున్నాను. మీరు ఎంచినవి నిలవకపోతే ఏప్రిల్‌లో ఇంటికే అని మీరే రాశారు. ఆ ఒక్క మాట దగ్గర నా కన్ను ఆగిపోయింది. మీకు తప్పు చెబితే మీరు వస్తారు. అంతే అనుకున్నాను. ఇంజిన్ ఆగిపోతుంది, మేనేజరు పొమ్మంటాడు, మీరు బస్సు దిగుతారు. మనుషులు దాని పక్కన కూర్చుంటారని నాకు తెలియదు. నేను చూసిన ఇంజిన్ ఒడ్డు మీద ఉండేదే.

“ఉండగలిగినంత కాలం ఉండండి” అన్న మాట కూడా నాది కాదు. ప్రతి ఉత్తరంలో అత్తమ్మ చెప్పి రాయించేది. పక్కింటి ఎంకవ్వ కొడుకు అయిదేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. ఆమె ముందు చిన్నబోవద్దని అత్తమ్మ అట్లా అంటుంది. అది నా మాట కాదని వేరే రాయడం నాకు చేతకాలేదు. రాసినదంతా పైకి చదవాలి కదా. మార్చి రాసిన మాట ఒక్కటే, చదివేటప్పుడు మామయ్య అన్నట్టే చదివాను.

మీ ఉత్తరం మొన్న వచ్చింది. చదువుతూ పోతుంటే పడవలో నలుగురం అన్న చోటికి వచ్చాను. అవ్వకు వినిపించకు అన్నారు కాబట్టి అది దాటేశాను. మామయ్య మాట గురించి మీరు రాసింది కూడా దాటేశాను. మామయ్య వాకిట్లోంచి, “నా మాటకు ఏమన్నడో అడుగు” అన్నాడు. అత్తమ్మ అడిగింది. సంతోషపడ్డారు అని చెప్పాను. అది అబద్ధం కాదు. అందుకే ఇంకా కష్టమైంది.

నిన్న పొద్దున అత్తమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. ఇంట్లో మామయ్య, నేను. మామయ్య మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నేను గడప దాకా వచ్చాను. మళ్లీ లోపలికి పోయాను. నీళ్లు తాగాను. మళ్లీ వచ్చాను.

“మామా” అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశాడు, ఇంకెవరో వచ్చారనుకుని. రెండేళ్లలో నా గొంతు అంత దగ్గరగా వినలేదు. తర్వాత నన్ను చూసి తాడు పక్కన పెట్టాడు.

నేను అంతా చెప్పాను. ఏది ముందు, ఏది వెనక తెలియకుండా చెప్పాను. హెడ్డు, ఏప్రిల్, పడవలో నలుగురు. చెప్తున్నంతసేపు ఆయన నేల చూస్తూనే ఉన్నాడు. నేను ఆపేశాక, “నా మాట మార్చి రాసినవా?” అన్నాడు. అవునన్నాను.

“గది తప్పు బిడ్డా.”

చెప్పులు వేసుకున్నాడు. “పా, తంతి కొడ్దాం” అన్నాడు.

ఆర్మూరు దాకా నడిచి వెళ్లాం. ఆయన ముందు, నేను వెనక. నేను వెనకబడితే ఆగి, తిరిగి చూడకుండా నిలబడేవాడు. నేను చేరుకున్నాక మళ్లీ నడిచేవాడు. తపాలాఫీసులో గుమస్తా ఏం రాయాలన్నాడు. మామయ్య నా వైపు చూసి, “నువ్వు చెప్పు, నీకే తెలుసు” అన్నాడు. ఎవరికీ వినిపించనంత మెల్లగా చెప్పాను. గుమస్తా రెండుసార్లు “ఆఁ?” అన్నాడు. చివరికి “అందరం బాగున్నాం. హెడ్లు బిగించవద్దు. నీళ్లలో పరీక్ష చేయి. నాయన” అని ఇంగ్లీషులో కొట్టాడు. ఇంజిన్ హెడ్లు అని చెప్పాక, “మీరేం పని చేస్తరు పటేలా?” అని మామయ్యను అడిగాడు. “పసుపు సూస్త” అన్నాడు మామయ్య.

తిరిగి వస్తూ దారిలో ఒక్క మాట అన్నాడు. “మీ అత్తకు నువ్వు చెప్పకు, నేను చెప్త. నువ్వు పిలగానికి రాయి. ఉన్నదున్నట్టు రాయి.”

ఉన్నదున్నట్టు రాశాను. నా మీద మీకు కోపం రావాలి. వస్తే దాచుకోవద్దు. దయచేసి మీరు ఆ పడవ ఎక్కకండి.

విమల


షార్జా,
24 ఫిబ్రవరి 1988

విమలకు,

మీ తంతి ఇరవై ఒకటిన అందింది. ఆఫీసు కుర్రవాడు కాదు, మేనేజరే స్వయంగా చేతికి తెచ్చిచ్చాడు. ఇక్కడ తంతి అంటే చావు కబురే. నేను విప్పకుండా పట్టుకుని నిలబడితే కురియన్ తీసుకుని విప్పి చదివాడు. చదివి, “మీ ఇంట్లోవాళ్లు బాగున్నారు. బాగా లేనివి మన హెడ్లు” అన్నాడు. షెడ్డు అంతా నవ్వింది. నేను కాగితం తీసుకుని మళ్లీ చదువుకున్నాను.

హెడ్లు ఇంకా బిగించలేదు. కొత్త సరుకును ఇక్కడ ఎవరూ నీళ్లలో ముంచరు. అయినా కురియన్, “నాయన చెప్పాడు కదా, ముంచుదాం” అన్నాడు. హెడ్డు కడుపులో నీళ్లు తిరిగే దారులన్నీ రబ్బరు, ఇనుప రేకులు పెట్టి మూశాం. ఒక దారిలోంచి గాలి కొట్టి, తొట్టిలో ముంచాం. ముందు మోగే హెడ్డు. ఏమీ లేదు. యజమాని మనిషి వాచీ చూసుకుంటున్నాడు. “నీళ్లు కాచండి” అన్నాడు కురియన్, ఇంజిన్ చల్లగా నడవదు కదా అని. నీళ్లు పొగలు కక్కే వేడికి వచ్చాక బోల్టు రంధ్రం పక్క నుంచి ఒక బుడగ. తర్వాత ఇంకోటి. తర్వాత దండ గుచ్చినట్టు వరసగా. వేడికి లోహం సాగి, పల్చటి చోట సందు తెరుచుకుంది.

మందం హెడ్లను అర్ధగంట ఉంచాం. ఒక్క బుడగ రాలేదు.

ఇప్పుడు మందంవే బిగిస్తున్నాం. బరువు ఎక్కువని యజమాని గొణిగాడు, తొట్టి చూపిస్తే ఊరుకున్నాడు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. బాపు మొదట అట్లా చెప్పి, మళ్లీ ఇట్లా ఎందుకు తంతి కొట్టించాడు? అడిగి రాయి.

నీ
గంగాకిషన్


షార్జా,
9 మార్చి 1988

విమలకు,

నేను పోయిన ఉత్తరం పోస్టులో వేశాక వారానికి నీది అందింది. నేనడిగిన దానికి జవాబు అందులోనే ఉంది.

కోపం వస్తే దాచుకోవద్దన్నావు. వచ్చింది. ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ సందు సముద్రం మధ్యలో, అంత వేగం మీద తెరుచుకుంటే నీళ్లు నిప్పులోకి దిగి ఇంజిన్ ముక్కలయ్యేది. నా పక్కన కురియన్ కూర్చుంటాడు. ఆయనకు ఇద్దరు బిడ్డలు. బాపు అన్నట్టు, నువ్వు చేసింది తప్పు. ఈ మాట ఒక్కసారే అంటాను, మళ్లీ అనను.

తప్పు నాది కూడా. బాపు అట్లా అనడని నాకు తెలుసు. “నీకెట్ల తెలుసు రా” అనే మనిషి. కాని ఆ మాట నాకు తీయగా ఉంది. అందుకే అడగకుండా నమ్మేశాను.

అయిదున పరుగు అయింది. నువ్వు ఎక్కవద్దన్నావు, ఎక్కాను. నేను బిగించిన దాని పక్కన నేను కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారు? వేడి ముల్లు ఒకే చోట నిలబడింది. నాకు సముద్రం ఏమీ కనబడలేదు, ముల్లునే చూశాను. దిగాక కూడా రెండుసార్లు తిరిగి వెళ్లి ముల్లును చూసి వచ్చాను. మేనేజరు నవ్వి, వీపు తట్టి, ఆఫీసులోకి తీసుకుపోయి రెండేళ్ల కాగితం ముందు పెట్టాడు.

నేను సంతకం పెట్టలేదు.

రెండేళ్లుగా నువ్వు ఉండమంటున్నావని ఉంటున్నాను, విమలా. నేను వస్తానంటే నువ్వు చిన్నబోతావేమో అనుకున్నాను. ఇంటి మీదికి ధ్యాస పోయినప్పుడల్లా నీ “ఫికరు వద్దు” చదువుకుని, ఈ పిల్లకున్న ధైర్యం నాకెందుకు లేదని సిగ్గుపడ్డాను. అది అవ్వ మాటనా! నీ తప్పు చెప్పిన ఆ ఉత్తరంలోనే మొదటిసారి నువ్వు కనబడ్డావు. కోపం వచ్చిన రోజు కూడా దాన్ని నాలుగుసార్లు చదివాను.

మేనేజరు ఏప్రిల్ అయిదు దాకా గడువు ఇచ్చాడు. పని మంచిది. ఇట్లాంటిది ఇక్కడ మనవాళ్లకు దొరకదు. వచ్చేస్తే మళ్లీ పిలుస్తారని నమ్మకం లేదు. ఆర్మూరులో షెడ్డు పెట్టుకుంటే బాయి ఇంజిన్లు, ట్రాక్టర్లు. అదీ పనే. నాకు రెండూ ఒకటిగానే కనిపిస్తున్నాయి, నువ్వేమంటావో తెలిసేదాకా.

ఎవరు ఏమంటారో వాళ్ల మాట వాళ్లది రాయి. నీ మాట నీది రాయి.

గంగాకిషన్


పెర్కిట్,
21 మార్చి 1988

మీకు,

మీ ఉత్తరం పైకి చదివాను. ఈసారి ఒక్క వరస కూడా దాటలేదు. మీరు నన్ను విమలా అని పిలిచిన చోట కూడా ఆపకుండా చదివాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నేను తలుపు వెనక లేను, గడప మీద ఉన్నాను. తంతి రోజు నుంచి మామయ్య నాతో నేరుగానే మాట్లాడుతున్నాడు. అత్తమ్మకు మొదట నచ్చలేదు. “నేనెందుకిగ మధ్యల, తాడు లెక్క!” అంది. ఇప్పుడు తానే నీళ్లకు పోయినప్పుడు, మా ఇద్దరి మాటలు ఆగడం లేదని ఎంకవ్వతో గొప్పగా చెప్తోంది.

ముందు మామయ్య మాట. ఆయన చెప్తుంటే ఇదే కాగితం మీద రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు.

“కిషనూ, బుడగలొచ్చినయని ఇన్న. నీకెట్ల తెలుసు రా అని నేను మస్తుసార్లు అన్న, ఇప్పుడు నీకు తెలుసు. పనిల పేరొచ్చింది. గిసుంటిది ఇంకోపారి రాదు. నా మాటంటవా, సంతకం బెట్టు. రెండేండ్లు ఎంతసేపు? నేను మంచిగనే ఉన్న. మీ అవ్వ మంచిగనే ఉన్నది.”

సంతకం పెట్టు అన్న దగ్గర నా చేయి ఆగింది. మామయ్య చూశాడు. “ఏంది బిడ్డా, రాసినవా?” అన్నాడు. రాయలేదన్నాను. “రాయి” అన్నాడు. రాశాను. రాసింది ఆయనకు చదివి వినిపించాను. అంతా విని తల ఊపాడు.

అత్తమ్మ మాట: “నాకేం ఎరుక, ఆని ఇష్టం. ఎంకవ్వ కొడుకు అయిదేండ్లయినా మొఖం సూపెట్టలే. మొన్న ఆమె పసుపు దంచుకుంట ఏడ్చింది. ఎప్పుడన్న గట్ల ఏడ్వదు. గది రాయి. ఇంకేం రాయకు.”

ఇక నాది. ఇది వాళ్లకు చదవలేదు. చదవనని చెప్పే రాస్తున్నాను. మామయ్య, “నీ మాట నీది గద, మాకెందుకు” అన్నాడు.

మామయ్య చెప్పింది తప్పు కాదు. మీ చేతికి వచ్చిన పని పెద్దది. మేనేజరు మిమ్మల్ని “చెవి” అని పిలుస్తాడని రాసినప్పుడు నేను బీడీలు చుట్టేటప్పుడు రెండు రోజులు అదే తలుచుకున్నాను. సంతకం పెడితే నేను అన్నం మానను, ఏడుస్తూ కూర్చోను. ఈ రెండేళ్లు గడిచినట్టే అవీ గడుస్తాయి. భయపెట్టి రప్పించుకోవాలని ఒకసారి చూశాను, ఇక చూడను.

కాని మీరు అడిగారు. మీ మొహం నాకు గుర్తుంది, గోడ మీద ఫోటో ఉంది కాబట్టి. గొంతు గుర్తు లేదు. అత్తమ్మ మీలాగా దగ్గి చూపిస్తుంది, మీరు మాట మొదలుపెట్టే ముందు అట్లా దగ్గుతారట. అందరూ అవునంటారు, నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నాకు మాత్రం తెలియదు. పెళ్లయి మూడో ఏడు నడుస్తోంది. నా మొగుడు మాట ఎట్లా మొదలుపెడతాడో నేను ఇంకొకరిని చూసి నేర్చుకుంటున్నాను.

కాగితం మీద సంతకం పెట్టేది, మానేది మీరు. ఎటు చేసినా నాకు కోపం రాదు. నేను ఉండమన్నానని మాత్రం ఇక ఎప్పుడూ అనుకోవద్దు. నేను ఉండమనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.

రండి.

విమల